తొలిసారి బోటెక్కే ఆరుగురి కోసం

నువ్వు అడిగిందేమంటే: తిరుపతిలో మీ ఆఫీసువాళ్ళు ఆరుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. ఒక్కరూ ఇంతవరకు సముద్రంలోకి పోయినోళ్ళు కాదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మద్రాసులో బోటు మాట్లాడుకుని డీప్ సీ ఫిషింగ్‌కి పోవాలని ప్లాను. నువ్వు మాత్రం మూడుసార్లు పోయొచ్చినావు కాబట్టి వాళ్ళను తీసుకుపోయే పెద్దరికం నీది. ఏ రాడ్లు కొనాలి, ఏ లూర్లు (చేపను మోసం చేసే బొమ్మ ఎరలు) కొనాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పది గంటల ట్రిప్పు తీసుకుంటే చేపలు బాగా పడతాయా అని అడిగావు. చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు ఒక లైను రాశావు: "మాలో ఒకాయనకి కొండ బస్సులోనే వాంతులు అన్నా, పర్లేదా?"

తమ్ముడూ, మొదట అడగాల్సింది ఆ చివరి లైనే. రాడ్ల సంగతి తర్వాత.

పదేళ్ళ కింద నేను మొదటిసారి కొత్తవాళ్ళను తీసుకుపోయినప్పుడు నాకూ నీలాగే చేపల మీదే ధ్యాస. ఎనిమిది మందిమి, తొమ్మిది గంటల ట్రిప్పు. అర్ధరాత్రి పన్నెండున్నరకు తిరుపతిలో బయల్దేరినాం. దారిలో హైవే పక్క హోటల్లో మా బావమరిది పరోటా, చికెన్ చేర్వా దట్టంగా లాగించాడు. ఐదున్నరకు బోటెక్కినాం. ఏడుంబావుకు మొదటి వాంతి వాడిదే. ఒకడు కక్కుకుంటే ఆ వాసనకు పక్కవాడికీ తిప్పుతుంది, ఎనిమిదింటికి ఐదుగురు బోటు అంచు పట్టుకుని వేలాడుతున్నారు. అప్పుడే లైను గిర్రున లాగింది. మంచి వంజరం చేప. రాడ్ పట్టుకునేదానికి లేచే మనిషి లేడు. నేనే లాగినాను, నేనే ఫోటో దిగినాను. ఆ ఫోటోలో నా వెనక మా బావమరిది మొహం చూస్తే ఇప్పటికీ మా ఇంట్లో నవ్వుతారు. తొమ్మిదింటికే బోటు తిప్పమన్నాం, కట్టిన డబ్బు కట్టినట్టే పోయింది. వాడు మళ్ళీ బీచికి కూడా రాలేదు.

కాబట్టి పది గంటల ట్రిప్పు వద్దే వద్దు. ఐదు గంటలు మాట్లాడుకో. గంట పోను, గంట రాను, మధ్యలో మూడు గంటలు. కొత్తవాళ్ళకు ఎండ, ఊపు, డీజిలు వాసన కలిసి మూడు గంటలు దాటితే ఒళ్ళు సహకరించదు, అప్పుడు చేప పడినా పడకపోయినా ఒకటే. పొద్దున ఐదున్నరకు బయల్దేరితే పదిన్నరకు ఒడ్డున ఉంటారు. దానికి ఇంకో లాభం ఉంది. మన తూర్పు తీరంలో తెల్లవారుజామున గాలి సాధారణంగా నేల మీంచి సముద్రానికి మెల్లగా పోతుంది, నీళ్ళు కాస్త సర్దుకుని ఉంటాయి. ఎండెక్కే కొద్దీ నేల కాగి, సముద్రం గాలి ఒడ్డుకు తిరుగుతుంది. ఆ తిరిగిన గాలికి పొట్టి పొట్టి కెరటాలు లేచి బోటును టపటపా కొడతాయి. తొమ్మిదిన్నరకు తిరగబోతుంటే "ఇంకొక్క గంట ఉందాం" అని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. వినొద్దు. ఎన్నింటికి తిరగాలో ఒడ్డున ఉన్నప్పుడే బోటు నడిపే సరంగుతో ఒప్పందం చేసుకో, చేపలు పడుతున్నా సరే.

వాంతులాయన గురించి. తిరుపతివాళ్ళకు ఒక సౌకర్యం ఉంది, సముద్రం ఎవరికి పడదో చూసుకునేదానికి ఘాట్ రోడ్డు. మలుపుల్లో నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకునేవాళ్ళు బోటులోనూ చాలావరకు ఇబ్బంది పడతారు. కానీ ఘాట్‌లో నిక్షేపంగా ఉండేవాళ్ళు బోటులోనూ అట్లే ఉంటారనుకోవద్దు. చెవి లోపల మన తూకం చూసుకునే భాగం "ఊగుతున్నాం" అంటుంది, కళ్ళేమో కాళ్ళ కింది చెక్కనో చేతిలో ఫోన్‌నో చూస్తూ "లేదు, కదల్లేదు" అంటాయి. ఆ తగవులో కడుపు నలుగుతుంది. బస్సయితే ముప్పావు గంటలో కొండెక్కేస్తుంది. బోటు ఊపు ఒడ్డుకు వచ్చేదాకా ఆగదు. ఇంకో విషయం, బోటు నడుస్తున్నప్పుడు కన్నా ఇంజను ఆపి నిలబెట్టినప్పుడే ఊపు ఎక్కువ. అడుగు చేపల కోసం బోటు ఆపి గాలాలు దించుతారే, కొత్తవాళ్ళు కూలబడేది అక్కడే. అందుకే నేను మొదటి గంటన్నర ట్రోలింగే చేయిస్తా: బోటు మెల్లగా పోతుంటుంది, వెనక లూర్లు ఈదుకుంటూ వస్తుంటాయి, మొహానికి గాలి తగులుతుంది. అందరూ కుదురుకున్నాక ఒక అరగంట ఆపి చూడు. ఎవరి మొహమైనా పాలిపోయి ఆవలింతలు మొదలైతే మాటల్లేకుండా మళ్ళీ బోటు కదిలించు. ఆవలింతలే మొదటి గుర్తు, వాంతి ఆ తర్వాత.

మాత్రల గురించి అందరూ అడుగుతారు. మందుల షాపులో అవోమిన్ అని దొరుకుతుంది, ప్రయాణపు వాంతులకు మన దగ్గర చాలామంది వాడతారు. కడుపులో తిప్పడం మొదలైనాక మింగితే నీళ్ళతోపాటు బయటికొస్తుంది. తెల్లారి బోటంటే ముందు రాత్రి పడుకునేటప్పుడే వేసుకోవాలి. మత్తుగా ఉంటుంది కాబట్టి కారు నడిపే మనిషి వేసుకోకూడదు. గ్లకోమా, ప్రోస్టేటు ఇబ్బంది, వేరే మందుల వాడకం, గర్భం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. మీ వాంతులాయన్ని ముందే ఒక ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు వేసుకుని చూసుకోమను, ఎంత మత్తు చేస్తుందో తెలుస్తుంది. అల్లం మురబ్బా కూడా పెట్టుకోండి. కొందరికి బాగా పనిచేస్తుంది, పనిచేయకపోయినా నోటికి ఏదో ఒకటి ఉంటుంది.

అర్ధరాత్రి తిరుపతిలో బయల్దేరే పని కూడా పెట్టుకోవద్దు. నూట ముప్పై చిల్లర కిలోమీటర్లు, మూడు గంటలు. నిద్ర లేని ఒంటికి సముద్రం రెండింతలు ఊగుతుంది. శనివారం సాయంత్రమే పోయి మద్రాసులో రూము తీసుకుని తొమ్మిదిన్నరకల్లా పడుకోండి. ఆఫీసువాళ్ళందరూ ఒక రూములో చేరితే బాటిలు తెరవాలనిపిస్తుంది, తెలుసు. అదేదో తిరిగొచ్చినాక చూసుకోమను. తెల్లారి రెండు ఇడ్లీ, కారం లేకుండా. ఖాళీ కడుపుతో వస్తామంటారు కొందరు, అది ఇంకా ప్రమాదం.

వాతావరణానికి నెల సరిగ్గానే ఎంచుకున్నావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మరబోట్లకు చేపలవేట నిషేధం. కొత్తవాళ్ళకు జనవరి చివర నుంచి మార్చి దాకా మేలు. అయినా ఫిబ్రవరి కదా అని కళ్ళు మూసుకుని పోవద్దు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది, రోజూ అలల ఎత్తు, గాలి ముందుగానే చెప్తుంది. అందులో అల ఎత్తు మీటరని ఉంటే అన్ని అలలూ మీటరే అనుకుంటారు. కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటి సగటు చెప్తారు. అప్పుడప్పుడు ఒకటి దానికి రెండింతలకు దగ్గరగా రావచ్చు. ఎత్తు పక్కనే అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో కూడా ఇస్తారు, అది చూసేవాళ్ళు తక్కువ. పది సెకన్లకొక మీటరు అలంటే ఉయ్యాల. నాలుగు సెకన్లకొకటంటే గుంతల రోడ్డులో ఆటో. కొత్తవాళ్ళతో నేను పెట్టుకున్న గీత ఇది: అల మీటరు లోపు, గాలి గంటకు ఇరవై కిలోమీటర్ల లోపు. దాటితే ట్రిప్పు వాయిదా. అడ్వాన్సు పోతే పోయింది. ఇంకొకటి, శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఆ పక్క సముద్రంలో బోట్లకు నిషేధం పెడతారు. మద్రాసుకు ఉత్తరంగా పోయే బోటయితే ఆ తేదీ కూడా చూసుకో.

బోటు మాట్లాడేటప్పుడు బేరం కన్నా ముందు మూడు మాటలు అడుగు. మనుషుల్ని ఎక్కించుకునే అనుమతి, ఇన్సూరెన్సు ఉన్నాయా? చేపలవేట బోటు వేరు, ప్యాసింజర్లను తిప్పే బోటు వేరు. వేటబోటు తక్కువకు వస్తుంది కానీ ఏదైనా జరిగితే నీ మాట వినేవాడుండడు. లైఫ్ జాకెట్లు ఎన్ని? ఆరుగురికి, నీకు, పనివాళ్ళకు, అందరికీ ఉండాలి. బెంచీ కింద కట్టేసి ఉన్నవి కాదు, ఒంటిమీద తొడుక్కుని చూసినవి. వీహెచ్ఎఫ్ రేడియో ఉందా? కొంత దూరం పోయాక సెల్ సిగ్నల్ ఉండదు, ఆపదొస్తే రేడియో 16వ ఛానలే దిక్కు. ఇస్రో వాళ్ళు జాలర్ల కోసం తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ ఉన్న బోటయితే ఇంకా మంచిది, బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా కోస్ట్ గార్డుకు కబురు పోతుంది. ఒడ్డున ఒక మనిషికి బోటు పేరు, తిరిగొచ్చే టైము, కోస్ట్ గార్డ్ నంబరు 1554 రాసిచ్చి పో. అందరూ ఆధార్ కార్డులు తెచ్చుకోవాలి, మెరైన్ పోలీసులు అడుగుతారు.

ఆడవాళ్ళు ఉన్నారన్నావు కాబట్టి చెప్తున్నా: చిన్న బోట్లలో చాలావాటికి బాత్రూము ఉండదు. ఈ మాట చెప్పేదానికి మొహమాటపడి ఎవరూ చెప్పరు. బోటెక్కినాక తెలుసుకున్నవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, నీళ్ళు లేక ఎండకు కళ్ళు తిరుగుతాయి, అది సముద్రం పడక అనుకుంటారు. బోటు మాట్లాడేటప్పుడే అడిగి, ఉన్నదున్నట్టు వాళ్ళకు ముందే చెప్పు. ఉన్న బోటుకు రెండు వేలు ఎక్కువైనా ఇచ్చుకో.

ఇప్పుడు రాడ్లు. కొనొద్దు. మొదటి ట్రిప్పుకు బోటువాళ్ళ సామానే చాలు. కానీ ముందే రెండు ఆదివారాలు మీ మేడమీద ఒక కసరత్తు చేయించు. నేను మా వీధిలో చేయించేది అదే. రెండో అంతస్తు పిట్టగోడ దగ్గర రాడ్ పట్టుకుని మనిషి నిలబడాలి. కింద బక్కెట్లో ఐదు లీటర్ల నీళ్ళు పోసి లైను చివర దాని చెవికి కట్టాలి. ఇప్పుడు లాగమను. మొదటిసారి ప్రతివాడూ లైను చుట్టుకునే రీల్ హ్యాండిల్ తిప్పుతూనే ఉంటాడు. బక్కెట్ కదలదు, మోచెయ్యి మంట పుడుతుంది. అప్పుడు చెప్పాలి: రాడ్‌ను మెల్లగా పైకెత్తు, బక్కెట్ ఒక అడుగు లేస్తుంది. రాడ్‌ను కిందికి దించుతూ ఆ వదులైన లైనును చుట్టుకో. మళ్ళీ ఎత్తు, దించుతూ చుట్టు. దించేటప్పుడు లైను సడలకూడదు, సడలిందా, నీళ్ళలో అయితే గాలం ఊడిపోయినట్టే. రాడ్‌ను నెత్తి దాకా నిట్టనిలువుగా ఎత్తితే కొన విరుగుతుంది, గడియారంలో పది గంటల ముల్లు దగ్గర ఆపెయ్యాలి. పది నిమిషాల్లో లయ దొరుకుతుంది. మా వీధిలో ఒక పెద్దమ్మ ఊరికే చూస్తా నిలబడి, "బావిలో నీళ్ళు చేదినోళ్ళకు ఇదేం చెప్పాల్నా?" అని రాడ్ తీసుకుని మావాళ్ళ కన్నా నున్నగా లాగేసింది.

అదే బక్కెట్‌తో డ్రాగ్ కూడా చూపించు. చేప గట్టిగా లాగినప్పుడు లైను తెగకుండా రీల్ తనంతట తనే కాస్త వదిలిపెట్టే ఏర్పాటే డ్రాగ్. లైను బలంలో పావు వంతు నుంచి మూడో వంతు లోపు బిగించడం వాడుక. 50 పౌండ్ల బరువు ఆపే లైనంటే దాదాపు 22 కిలోలు, అంటే ఐదున్నర నుంచి ఏడు కిలోలు. కొత్తవాళ్ళకు నేను నాలుగు, నాలుగున్నర దగ్గరే ఆపుతా. సూట్‌కేసు తూచే చిన్న త్రాసు లైనుకు తగిలించి లాగితే ఎంతలో జారుతుందో తెలుస్తుంది. రీల్ కర్రుమని అరుస్తూ లైను పోతుంటే కొత్తవాళ్ళు భయపడి స్పూలును చేత్తో పట్టుకుంటారు, వేలు కోసుకుపోతుంది. "అరిస్తే అరవనీ, నువ్వు తిప్పొద్దు, పట్టుకోవద్దు" అని పదిసార్లు చెప్పు.

బోటులో నీ పని చేపలు పట్టడం కాదు. నీ రాడ్ ఇంట్లోనే పెట్టి రా. చెప్తే అందరూ ఊఁ అంటారు, తీరా రాడ్ తెచ్చుకుంటారు. నీ చేతిలో రాడ్ ఉంటే నీ కళ్ళు నీళ్ళ మీద ఉంటాయి, మనుషుల మీద ఉండవు. ముందే చీట్లు వేసి వరస రాసుకో: మొదటి చేప ఎవరిది, రెండోది ఎవరిది. లేదంటే పడినప్పుడల్లా ఉత్సాహవంతుడొకడే ఉరుకుతాడు. ట్రోలింగ్‌లో రెండే రాడ్లు వెయ్యి, నాలుగు వేస్తే మలుపులో లైన్లు జడ అల్లుకుంటాయి. వంజరానికి పళ్ళు బ్లేడులాగుంటాయి, లూరుకు ముందు జానెడు స్టీలు వైరు లేకపోతే కొరికి పారేస్తుంది. చేప బోటు దగ్గరకొచ్చాక వైరును ఎవరూ చేతికి చుట్టుకోకూడదు. ఆఖరి ఊపులో చేప తిరగబడితే చెయ్యి దాంతోపాటే పోతుంది. కొక్కెం కర్ర వేసి పైకి లాగేది పనివాడే, మీలో ఎవరూ కాదు. వంగి ఫోటో తీసేవాణ్ణి ముందే వెనక్కి కూర్చోబెట్టు.

బోటు ఆపి అడుగు గాలాలు వేస్తే రంగురంగుల చిన్న చేపలు, జెల్లలు, ఒక్కోసారి టేకు చేప పడతాయి. కొత్తవాళ్ళు ముద్దొచ్చి చేత్తో పడతారు. జెల్లకు రెక్కల్లో, టేకుకు తోకలో విషపు ముల్లుంటుంది, గుచ్చుకుంటే మనిషి గిలగిలలాడతాడు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో గంటో గంటన్నరో ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, కాలేంత వేడి కాదు. అందుకే ఒక పెద్ద ఫ్లాస్కులో వేడినీళ్ళు తీసుకుపోతా, టీకి అనుకుంటారు అందరూ. ముల్లు లోపలే విరిగినా, ఛాతీకో పొట్టకో గుచ్చుకున్నా వేడినీళ్ళతో కాలయాపన చెయ్యకుండా ఆసుపత్రికే. తాబేలు చిక్కితే లైను కోసి వదిలెయ్యాలి, ఫిబ్రవరి అవి గుడ్లు పెట్టేదానికి మన ఒడ్డుకొచ్చే కాలం. అది రక్షిత జీవి, పైకి లాగి ఫోటో దిగితే కేసు.

వాంతులాయన్ని బోటు మధ్యలోనో కాస్త వెనకో కూర్చోబెట్టు, ముందు కొసన కాదు. కేబిన్ లోపలికి, ఇంజను పొగ దగ్గరకు పంపొద్దు. ఫోను తీసుకుని నీ జేబులో పెట్టుకో. దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతనే చూడమను. కూర్చున్న మనిషికి ఆ గీత నాలుగైదు కిలోమీటర్లకు మించి ఉండదు కానీ, మొత్తం బోటులో కదలకుండా కనిపించేది అదొక్కటే. వాంతి అయిపోతే నవ్వొద్దు, నోరు కడిగించి ఓఆర్ఎస్ నీళ్ళు గుక్కెడు గుక్కెడు ఇవ్వు. చాలామంది ఒకసారి కక్కినాక తేరుకుంటారు. అట్లా తేరుకున్నవాడికి వరస తప్పించైనా సరే తర్వాతి చేప ఇచ్చెయ్. మూడు నాలుగుసార్లయినా ఆగకపోతే బోటు తిప్పు, ఓట్లేమీ వద్దు.

ఇంకో మాట, మన ఊరివాళ్ళకే చెప్పాల్సింది. ఆ వారం ఎవరైనా కొండమీద గుండు కొట్టించుకుని ఉంటే టోపీ లేకుండా బోటెక్కనివ్వద్దు. కొత్త గుండు మీద సముద్రపు ఎండ ఎట్లా ఉంటుందో నేను అనుభవించినాను. వారం రోజులు దిండు మీద తల పెట్టలేకపోయినా.

చేప పడితే ఒడ్డుకొచ్చేదాకా పడేసి ఉంచొద్దు. వెంటనే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, ఐసూ సముద్రపు నీళ్ళూ కలిపిన పెట్టెలో ముంచాలి. వంజరం, సూర జాతి చేపలు ఎండలో కాసేపుంటే వాటిలో హిస్టమిన్ అనేది పుడుతుంది. వాసన రాకపోయినా, ఎంత ఉడికించినా అది పోదు, తిన్నవాళ్ళకు మొహం ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. కిలో చేపకు కిలో ఐసు లెక్కన ముందే కొనుక్కో. ఒడ్డున నీళ్ళు వంచేసి మళ్ళీ కొత్త ఐసు వేసుకుంటే మూడు గంటల దారికి ఏం కాదు. సాయంత్రానికి తిరుపతిలో మామిడికాయ వేసి పులుసు, పక్కన రాగిసంగటి. ఒక్క చేప పడినా ఆరుగురికీ ముక్కలు పంచు, మీ వాంతులాయనకు తలకాయ.

తిరుగు దారిలో "ఎట్లాగూ సెలవే కదా, అట్లే కొండకు పోయి దండం పెట్టుకుని వద్దాం" అని ఎవరో ఒకరంటారు. మా బ్యాచిలో అన్నారు. చేపల పెట్టె డిక్కీలో ఉందని అలిపిరి కనిపించేదాకా ఎవరికీ గుర్తు రాలేదు. తనిఖీకి ముందే కారు తిప్పుకుని ఇంటికి పోయినాం. పెట్టె దించేసి, తలస్నానం చేసి, మర్నాడు పోండి.